తీగల మధ్య హెలికాప్టర్

పైన ఎగురుతున్నంతసేపు హెలికాప్టర్‌కు భయం తక్కువ. నేలకు నూటయాభై అడుగుల లోపలికి దిగినప్పుడే అసలు గండం. చెట్లు, సెల్ టవర్లు, మేడలు, వాటి మధ్య అల్లుకున్న కరెంటు తీగలు, చాలావరకు ఆ ఎత్తులోపే ఉంటాయి. విమానం కూడా ఆ ఎత్తుకు దిగుతుంది గానీ, రన్‌వే దగ్గర అడ్డులన్నీ తీసేసిన దారిలో దిగుతుంది. హెలికాప్టర్‌కు ఆ సదుపాయం ఉండదు. బడి మైదానం, పొలం, ఏటిగట్టు, మనుషులు ఎక్కడుంటే అక్కడికే వెళ్లి వాలాలి. మనుషులున్న చోటల్లా కరెంటు ఉంటుంది. అంటే తీగ ఉంటుంది.

గోదావరి డెల్టాలో ఈ అల్లిక ఎంత చిక్కనిదో రాజమహేంద్రవరం నుంచి అమలాపురం దాకా బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం నుంచి 220 కేవీ లైన్లు కొండలు దిగి బొమ్మూరు సబ్‌స్టేషన్‌కు వస్తాయి. కడియం పక్కన వేమగిరిలో 400, 765 కేవీ లైన్లు కలుస్తాయి. జేగురుపాడు, వేమగిరి, విజ్జేశ్వరం, సామర్లకోట, కాకినాడలలో కేజీ బేసిన్ గ్యాసును నమ్ముకుని వెలసిన కరెంటు కేంద్రాలకు దేని టవర్ల వరస దానిదే. ఇవి పెద్ద లైన్లు. టవర్లు మైళ్ల దూరం నుంచి కనిపిస్తాయి, పైలట్ల మ్యాపుల్లో కూడా చాలావరకు ఉంటాయి. ఎక్కువ ఇబ్బంది చిన్న లైన్లతోనే. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే 11 కేవీ లైను ఏ మ్యాపులోనూ ఉండదు. నిరుడు లేని లైను ఈ ఏడు కొత్త రొయ్యల చెరువు కోసం పుట్టుకొస్తుంది.

ఆ 11 కేవీ లైనును కాస్త దగ్గర నుంచి చూడాలి. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభంలో సుమారు ఆరో వంతు నేలలో పాతేస్తారు. తీగ ఆరు మీటర్ల పైచిలుకు ఎత్తున సాగుతుంది. కోనసీమలో ముదురు కొబ్బరి చెట్టు దానికి రెండు మూడింతలు ఉంటుంది. కాబట్టి పైనుంచి చూసేవాడికి స్తంభమూ కనపడదు, తీగా కనపడదు. కొబ్బరి తలలే కనపడతాయి. తోటలో ఎక్కడైనా సన్నగా, పొడుగ్గా ఖాళీ కనిపిస్తే దిగడానికి అనువైన జాగా దొరికిందనిపిస్తుంది. ఆ ఖాళీ చాలాసార్లు లైను కోసం మట్టలు కొట్టి, చెట్లు తీసి చేసిన దారే. భీమవరం, ఆకివీడు వైపు కొబ్బరి తగ్గి చెరువులు పెరుగుతాయి. అక్కడ ఏరేటర్ల కోసం త్రీఫేజు తీగలు చెరువు గట్ల వెంబడే పోతాయి. కింద ఎండకు మెరిసే నీళ్లు, వాటి మీద నీడ కూడా పడనంత సన్నటి తీగ.

తీగల మందం సంగతి లైన్‌మన్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. కండక్టర్లకు జంతువుల పేర్లు పెట్టడం బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. స్తంభాల మీద సాగేవి వీజల్, రాబిట్, డాగ్. 132 కేవీ టవర్ల మీద పాంథర్, 220 మీద జీబ్రా, 400 మీద మూస్. రాబిట్ మందం 10 మిల్లీమీటర్లు, జీబ్రా 28 పైచిలుకు, మూస్ దాదాపు 32. అయితే పెద్ద టవర్ మీద అన్నిటికంటే పైన వెళ్లేది ఈ లావు తీగ కాదు. పిడుగు నుంచి కాపాడడానికి శిఖరం మీద కట్టే ఎర్త్ వైరు ఉంటుంది, దాని మందం సుమారు ఒక సెంటీమీటరే. లావు తీగలను చూసి, వాటిని తప్పించుకోవాలని పైకి లేచిన హెలికాప్టర్ ఈ సన్నటి తీగకు తగులుకోవడం ప్రపంచమంతటా మళ్లీ మళ్లీ జరిగే ప్రమాదం.

తీగ కంటికి ఎందుకు ఆనదు? కొత్త అల్యూమినియం తళతళలాడుతుంది. నాలుగు వర్షాకాలాలు గడిస్తే మబ్బు రంగులోకి తిరుగుతుంది. ఆకాశం ముందు కాస్తో కూస్తో కనిపించే గీత, పచ్చటి వరి ముందు, కొబ్బరాకుల ముందు పూర్తిగా కలిసిపోతుంది. పొద్దు ఎదురుగా ఉంటే మరీ కష్టం. దూరం అంచనా వేయడంలోనూ కన్ను మోసపోతుంది. రెండు కళ్లకూ బొమ్మ కొద్ది తేడాతో పడటం వల్ల మనకు దూరం తెలుస్తుంది. కళ్లకు సమాంతరంగా అడ్డంగా సాగే నున్నటి గీతలో ఆ తేడా పట్టుకోవడానికి ఏ ఆనవాలూ ఉండదు. అందుకే తీగ కనిపించినా అది యాభై మీటర్లలో ఉందో నూటయాభైలో ఉందో చెప్పలేం. పైగా తీగ ఒకచోట స్థిరంగా ఉండదు. మధ్యాహ్నం ఎండకు, కరెంటు లోడుకు వేడెక్కి కిందికి సాగుతుంది, తెల్లవారుజామున బిగుసుకుంటుంది, గాలికి పక్కకు ఊగుతుంది.

లెక్క చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 60 నాట్ల వేగం అంటే గంటకు 111 కిలోమీటర్లు, సెకనుకు 31 మీటర్లు. వంద మీటర్ల దూరంలో తీగ కనపడితే చేతిలో ఉన్నది మూడు సెకన్లు. చూసింది తీగే అని మనసు ఒప్పుకోవాలి, చేయి కదలాలి, రెండు మూడు టన్నుల యంత్రం దారి మళ్లాలి. మూడు సెకన్లలో అదంతా అవడం అరుదు.

అయినా తీగ కనిపించకపోవడం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ తీగల ప్రమాదాలను పరిశీలించినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో అక్కడ తీగ ఉందని పైలట్‌కు ముందే తెలుసునని తేలింది. పొలానికి మందు కొడుతూ పదిసార్లు దాటిన తీగనే పదకొండోసారి మరిచిపోతారు. ధ్యాస పనిమీద ఉంటుంది: కింద చేతులూపుతున్న మనిషి, తూకం తప్పిన మూట, రేడియోలో మాట. ఇంట్లో గుమ్మం తలకు తగులుతుందని తెలిసిన పొడుగు మనిషికే ఏడాదికోసారి బొప్పి కట్టినట్టు.

తగిలాక జరిగేది చాలామంది ఊహించేది కాదు. షాక్ కొట్టి చనిపోవడం తక్కువ. యంత్రం విరిగిపోవడమే ఎక్కువ. చిన్నపాటి బెల్ 206 హెలికాప్టర్ రెక్కల చక్రం వ్యాసం పది మీటర్లు; నిమిషానికి 394 సార్లు తిరుగుతుంది. రెక్క కొస సెకనుకు 200 మీటర్లకు పైగా పరుగెడుతుంది. ఆ వేగంలో ఉక్కు పోగుల తీగ తగిలితే రెక్క చీలిపోవచ్చు, లేదా తీగ రోటరు కడ్డీకి చుట్టుకుని రెక్కల కోణాన్ని మార్చే మీటలను విరిచేయవచ్చు. కింద ఉన్న స్కిడ్‌లకు తగిలితే యంత్రం ముక్కు మీద పల్టీ కొడుతుంది. తోక పంకాకు తగిలితే గిర్రున తిరగడం మొదలవుతుంది. ఏదైనా కోలుకునేంత ఎత్తు కింద ఉండదు. ఇక్కడ ఒక అపోహ తొలగిపోవాలి. లైనుకు కరెంటు తీసేస్తే ప్రమాదం పోయినట్టే అనుకుంటారు. స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవడం ప్రాణరక్ష. హెలికాప్టర్‌కు కరెంటు ఉన్న తీగా లేని తీగా ఒకటే.

మన దేశంలో జరిగిన మూడు సంఘటనలు ఈ ప్రమాదం ఎన్ని రూపాల్లో వస్తుందో చూపిస్తాయి. 2017 మే 25న మహారాష్ట్ర లాతూరు జిల్లా నీలంగాలో అప్పటి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఎక్కిన హెలికాప్టర్ లేచిన కాసేపటికే ఎత్తు కోల్పోయి, తీగల్లో చిక్కుకుని కూలింది. అందరూ బతికి బయటపడ్డారు. 2019 ఆగస్టు 21న ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా మోల్డి దగ్గర వరద బాధితులకు సరుకులు చేరవేస్తున్న హెలికాప్టర్ తీగకు తగిలి ముగ్గురు చనిపోయారు. అది కరెంటు తీగ కూడా కాదు, కొండ మీది తోటల నుంచి ఆపిల్ పెట్టెలు దింపడానికి లోయకు అడ్డంగా కట్టుకున్న తీగ. 2025 మే 8న అదే జిల్లా గంగ్నాని దగ్గర యాత్రికులతో వెళ్తున్న బెల్ 407 అత్యవసరంగా రోడ్డు మీద దిగబోయింది. రోడ్డు వెంట సాగే ఫైబర్ కేబులుకు దాని ప్రధాన రెక్క తగిలిందని దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికలో పేర్కొంది. యంత్రం లోయలోకి జారిపోయి ఆరుగురు మరణించారు, వారిలో ఒకరు ఆంధ్రప్రదేశ్ మహిళ. ఇబ్బంది వచ్చినప్పుడు పైలట్ రోడ్డునే వెతుక్కుంటాడు, తీగలు వేసేవాళ్లూ రోడ్డునే పట్టుకుని పోతారు.

డెల్టా వాసులకు హెలికాప్టర్ ప్రమాదం అనగానే గుర్తొచ్చేది 2002 మార్చి 3. లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగితో భీమవరం నుంచి బయల్దేరిన బెల్ 206 కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆయనతో పాటు పైలట్, భద్రతా సిబ్బంది ఒకరు మరణించారు. ఆ ప్రమాదంలో తీగల ప్రమేయం లేదు. చూపు ఆనని వాతావరణంలో నీటి మీదికి దిగడమే కొంప ముంచింది. అయినా ఈ వ్యాసంలో దానికి చోటుంది. కొల్లేరు చుట్టుపక్కల నేల, నీరు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయే ఉదయాల్లో, ఎత్తు అంచనా ఎంత తేలిగ్గా తప్పుతుందో అది చూపింది. చెరువు నీరే నేలలా కనిపించే వెలుతురులో ఆ గట్టు మీది పది మిల్లీమీటర్ల తీగ సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ ప్రాంతంలో హెలికాప్టర్లు రోజూ ఎగురుతూనే ఉంటాయి. మధురపూడి విమానాశ్రయం నుంచి సముద్రంలోని చమురు రిగ్గులకు సిబ్బందిని తీసుకెళ్లేవి ఒక రకం. వీటికి రన్‌వే ఉంది, రిగ్గు మీద హెలిప్యాడ్ ఉంది, దారి మధ్యలో ఎత్తు ఉంది. తీగలతో పేచీ తక్కువ. ఎన్నికలప్పుడు కాలేజీ మైదానాల్లో దిగేవి రెండో రకం. అన్నిటికంటే గడ్డుది వరద పని.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అంత నీరు వచ్చినప్పుడు లంక గ్రామాల్లో ఏం జరుగుతుందో పైనుంచి చూసేవాడి కళ్లతో ఊహించాలి. మామూలు రోజుల్లో పైలట్ తీగను చూసి తీగను పట్టుకోడు. స్తంభాల వరసను, రోడ్డును, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెను, చెట్లు నరికిన దారిని చూసి, ఇక్కడ తీగ ఉండాలి అని లెక్క కడతాడు. వరదలో ఆ ఆనవాళ్లన్నీ మునుగుతాయి. సగం మునిగిన స్తంభం దూరానికి ఎండుకర్రలా ఉంటుంది. కొన్ని స్తంభాలు ఒరిగిపోయి, తీగ ఒకవైపు నీళ్లలో, మరోవైపు గాల్లో వేలాడుతూ ఉంటుంది. మిగిలిన పొడి నేల ఏటిగట్టూ, ఎత్తు రోడ్డూ మాత్రమే. జనం ఆ గట్టు మీదే ఉంటారు, పశువులను కట్టేదీ అక్కడే, లైను సాగేదీ దాని పక్కనే. హెలికాప్టర్ దిగడానికి ఉన్న ఒకే ఒక్క చోటు, ఆ ఊళ్లో తీగలు ఎక్కువగా ఉన్న చోటు.

అందువల్ల వరద పనిలో దిగకుండా గాల్లోనే నిలబడి పొట్లాలు వదలడం, మేడ మీదున్న వాళ్లను విన్చి తాడుతో పైకి లాగడం ఎక్కువ. రెంటికీ వాటి చిక్కులు వాటికున్నాయి. విన్చి తాడు కింద వేలాడే ఇరవై, ముప్పై మీటర్లు పైలట్‌కు కనపడవు. తలుపు దగ్గర పడుకుని కిందికి చూసే సహాయకుడి మాటే ఆధారం. తాడు ఊగి మేడ పక్కనున్న తీగకో డిష్ యాంటెనాకో చుట్టుకుంటే హెలికాప్టర్ నేలకు కట్టేసినట్టవుతుంది. అలాంటి గడియ కోసమే తాడును క్షణంలో తెంచేసే కత్తెర విన్చిలోనే అమర్చి ఉంటుంది. ఇంకొకటి: ఎగిరే యంత్రం గాలి రాపిడికి స్థిర విద్యుత్తును పోగేసుకుంటుంది. దిగుతున్న కొక్కెం నీటినో నేలనో తాకే ముందే ఆత్రంగా అందుకుంటే గట్టిగా షాక్ తగులుతుంది. మేడ మీదివాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు అక్కడ ఉండరు.

రెక్కల కింద గాలి దెబ్బ వేరే కథ. నేవీ, వైమానిక దళం వరదల్లో ఎక్కువగా వాడే హెలికాప్టర్లు అయిదు నుంచి పదమూడు టన్నుల దాకా తూగుతాయి. అంత బరువును గాల్లో నిలపాలంటే అంత గాలిని కిందికి నెట్టాలి. ఆ గాలికి రేకులు లేస్తాయి, ఎండు మట్టలు రాలతాయి, వదులుగా ఉన్న తీగలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. వాన నుంచి కాపాడుకోవడానికి కప్పుకున్న పాలిథిన్ పట్టా పైకి లేచి తోక పంకాలో పడితే చాలు. 2017 అక్టోబరు 6న అరుణాచల్ ప్రదేశ్ తవాంగ్ దగ్గర వైమానిక దళం ఎంఐ-17 వీ5 కూలి ఏడుగురు చనిపోయినప్పుడు కారణం అలాంటిదే. జారవిడిచిన కిరోసిన్ డబ్బాల పారాచూట్ తోక రోటరుకు తగిలింది.

ఇప్పటిదాకా చెప్పింది తీగలను తప్పించుకోవలసిన పని. కావాలని తీగ దగ్గరికే వెళ్లే పని ఇంకొకటి ఉంది. పెద్ద లైన్లు కొండలు, అడవులు, ఏర్లు దాటి వందల కిలోమీటర్లు పోతాయి. వాటి వెంట నడిచి చూడటం నెలల పని. హెలికాప్టర్‌కు వేడిని పట్టే కెమెరా బిగించి లైను వెంట మెల్లగా ఎగిరితే, తీగ ముక్కలను కలిపే జంపర్ వదులై వేడెక్కితే తెల్లటి చుక్కలా కనపడుతుంది, పగిలిన పింగాణీ డిస్కు తెలుస్తుంది. పవర్‌గ్రిడ్ సంస్థ తన లైన్ల గస్తీకి ఈ పద్ధతి వాడింది. మంచు, దుమ్ము కలిసి ఇన్సులేటర్ల మీద పేరుకునే ఉత్తరాది లైన్ల మీద, కరెంటు ఆపకుండానే హెలికాప్టర్ నుంచి నీళ్లు చిమ్మి కడిగే పని కూడా జరిగింది. ఆ నీరు ఖనిజాలు తీసేసిన నీరై ఉండాలి. మామూలు గోదావరి నీరు చిమ్మితే కరెంటు ధార వెంటే వెనక్కి వస్తుంది.

ఇంకా సాహసమైనది, కరెంటు ఉన్న తీగ మీదే చేతులతో పని చేయడం. అమెరికాలో 1979లో మొదలైంది. సూత్రం మాత్రం తీగ మీద వాలిన కాకిదే. కాకి ఒకే తీగను పట్టుకున్నంతసేపు దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తేడా లేదు కాబట్టి ఏమీ కాదు. రెక్క పక్క తీగకు తగిలిందా, అంతే. హెలికాప్టర్ పక్క బల్ల మీద కూర్చున్న పనివాడు స్టీలు పోగులు కలిపి నేసిన దుస్తులు తొడుక్కుంటాడు. తీగ దగ్గరికి రాగానే చేతిలోని లోహపు కడ్డీని చాపుతాడు. చిటపటమంటూ నీలి మెరుపు దూకుతుంది. వెంటనే యంత్రాన్నీ తీగనూ క్లిప్పుతో కలిపేస్తారు. అప్పటి నుంచి మనిషి, యంత్రం, తీగ మూడూ ఒకే వోల్టేజీలో ఉంటాయి. పని అయ్యేదాకా పైలట్ ఆ బరువును అంగుళాల తేడాతో ఒకేచోట నిలపాలి. గాలి వాటం ఒక్కసారి మారినా రెక్క మీటరు పక్కకు జరుగుతుంది.

ఈ పనిలో కరెంటు కంటే పైలట్లను కలవరపెట్టేది వేరొకటి. ఇంజను ఆగినా హెలికాప్టర్ రాయిలా పడిపోదు. ముందుకు వేగం ఉంటే, లేదా కింద చాలినంత ఎత్తు ఉంటే, కిందినుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూ మెల్లగా దింపుతాయి. వేగమూ లేక, ఎత్తూ లేక, వంద అడుగుల్లో నిలబడి ఉన్నప్పుడు ఆ అవకాశం ఉండదు. ప్రతి హెలికాప్టర్ పుస్తకంలోనూ ఆ నిషిద్ధ ప్రాంతాన్ని ఒక గీత గీసి చూపిస్తారు. లైను పని, విన్చి పని, పొట్లాలు వదిలే పని దాదాపు అంతా ఆ గీత లోపలే సాగుతుంది. అందుకే ఇలాంటి పనులకు రెండు ఇంజన్ల యంత్రాలను కోరుకుంటారు.

జాగ్రత్తల్లో మొదటిది, తెలియని చోట ముందు ఎత్తులో ఒక చుట్టు తిరిగి చూడటం. చూడవలసింది స్తంభాలను, టవర్లను. టవర్ చేతులు ఏ వైపు చాచి ఉన్నాయి, డిస్కులు వేలాడుతున్నాయా, లేక తీగ దిశలో పడుకుని ఉన్నాయా అన్నదాన్ని బట్టి లైను ఎటు తిరిగిందో చెప్పవచ్చు. దాటవలసి వస్తే టవర్ నెత్తి మీదుగానే దాటాలి. అక్కడ ఎర్త్ వైరు కంటే ఎత్తైనదేదీ ఉండదని తెలుసు. రెండు టవర్ల నడుమ ఆ నమ్మకం లేదు. స్తంభం కనపడితే దాని స్టే వైరు కూడా ఉంటుందనుకోవాలి. ఒక తీగ కనపడితే రెండోది ఉందనుకోవాలి. విమానాశ్రయాల దగ్గర, నదులు దాటే చోట్ల తీగలకు తెలుపు, నారింజ గోళాలు వరసగా కడతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం గోళం వ్యాసం 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఆ కొలత గోళాల మధ్య 30 మీటర్లకు మించి ఎడం ఉండకూడదు. ఊరి 11 కేవీ లైనుకు ఈ భోగం లేదు.

యంత్రానికి అమర్చే తీగ కత్తెర ఒకటుంది. కెనడాలో 1970ల చివర్లో తయారైంది. కప్పు మీద ఒకటి, పొట్ట కింద ఒకటి ఉక్కు కొక్కేలు, అద్దం మధ్యలో ఒక పట్టీ ఉంటాయి. తీగ అద్దానికి తగిలితే పట్టీ వెంట జారి కొక్కెంలో పడి తెగిపోతుంది. చాలామందిని బతికించింది. కానీ అది పనిచేయాలంటే హెలికాప్టర్ ముందుకు వేగంగా పోతూ, తీగకు దాదాపు ఎదురుగా తగలాలి. నిలబడి ఉన్నప్పుడు, దిగుతున్నప్పుడు, తోకకో రెక్కకో తగిలినప్పుడు దాని వల్ల ప్రయోజనం లేదు. తీగల మధ్య పని ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే.

తాత్కాలిక హెలిప్యాడ్ల విషయంలో నేల మీదివాళ్లు చేయగలిగింది ఎక్కువ. సున్నంతో హెచ్ అక్షరం రాసి, చుట్టూ నీళ్లు చల్లి దుమ్ము అణచడం అందరూ చేస్తారు. దిగే దారి, లేచే దారి, రెండు దారుల్లోనూ తీగలు లేకుండా చూడటం దానికంటే ముఖ్యం. గాలి వాటం మారితే లేచే దారీ మారుతుంది కాబట్టి నాలుగు వైపులా చూడాలి. మైదానం అంచున ఉన్న తీగకు కరెంటు తీసేసి వదిలేస్తే చాలదు, విప్పి కిందికి దించాలి. వీలుకాకపోతే హెలిప్యాడ్‌నే మార్చాలి. దించలేని తీగల దగ్గర ఎర్ర గుడ్డలు కట్టి, వాటి ఎత్తు, దిక్కు పైలట్‌కు ముందుగా తెలియజేస్తే కొంత నయం.

ఈ మధ్య లైన్ల గస్తీ పని కొంత డ్రోన్ల చేతికి పోతోంది. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదల్లో హెలికాప్టర్లతో పాటు డ్రోన్లు కూడా ఆహార పొట్లాలు మోశాయి. తీగకు తగిలి డ్రోను పడిపోతే ఫీడరు ట్రిప్పవుతుంది, లక్షల ఖరీదు యంత్రం పోతుంది. పైలట్ మాత్రం గట్టు మీద క్షేమంగా నిలబడి ఉంటాడు. మునిగిన ఇంటి మేడ మీద నుంచి ఒక ముసలమ్మను ఎత్తుకురావడానికి మాత్రం ఇప్పటికీ హెలికాప్టరే రావాలి, తీగల మధ్యలోకే దిగాలి.